మంచు పలుకులు విన్న మనీషి: ఆచార్య ఉకిచిరో నకయా

రసాయనశాస్త్ర ప్రయోగశాలలో మైలుతుత్తపు ద్రావణాన్ని కాచి, చల్లార్చి, స్ఫటికాలు కట్టించడం మన విద్యార్థులందరూ ఎరిగిన ప్రయోగమే. పాత్రను చన్నీటిలో ముంచి తొందరగా చల్లార్చిన వానికి అడుగున సన్నని నీలిపొడి మాత్రమే మిగులుతుంది. కదపకుండా ఒక మూలనుంచి, ఓపికతో మరునాటి వరకు వేచిన వానికి నిగనిగలాడే పెద్ద పలుకులు దక్కుతాయి. ఇద్దరి చేతిలోని పదార్థమూ ఒక్కటే, తూకమూ ఒక్కటే. తేడా అంతా వేడి తగ్గిన తీరులో ఉంది. కలకండ కట్టించే పనివారికి ఈ సంగతి ఏ గ్రంథమూ చదవకుండానే తెలుసు. పాకంలో దారాలు వేలాడదీసి, అది నెమ్మదిగా చల్లారే వరకు వారు దాని జోలికి పోరు.

స్ఫటికం పెరిగే తీరును ఉష్ణోగ్రత శాసిస్తుందన్న ఈ చిన్న సత్యాన్ని పట్టుకొని, ఆకాశం నుండి రాలే హిమస్ఫటికాల రూపరహస్యాన్ని ఛేదించిన మహనీయుడు జపాను దేశీయుడైన ఆచార్య ఉకిచిరో నకయా. భూమి మీద మొట్టమొదటిసారిగా ప్రయోగశాలలో హిమస్ఫటికాన్ని సృష్టించిన కీర్తి ఆయనది. అయితే ఆ కీర్తి కంటె, దానికి ఆయన చేరుకున్న మార్గమే మన విద్యార్థులకు ఎక్కువ ఉపయుక్తమని తలచి ఆయన జీవితాన్ని ఇక్కడ సంగ్రహంగా పరిచయం చేస్తున్నాను.

బాల్యము, విద్యాభ్యాసము

నకయా 1900 జూలై 4వ తేదీన జపాను పశ్చిమతీరంలోని ఇషికావా రాష్ట్రంలో, కతయామజు అనే గ్రామంలో జన్మించారు. వేడినీటి ఊటలకు ప్రసిద్ధికెక్కిన ఊరది. శీతకాలం వచ్చిందంటే ఆ తీరమంతా నిలువెత్తు మంచులో మునిగిపోతుంది. ఒకవైపు భూగర్భం నుండి పొంగే వేడినీరు, మరొకవైపు ఆకాశం నుండి కురిసే హిమం. ఆ రెండింటి నడుమ పెరిగిన బాలుడు పిదప వేడికీ హిమానికీ గల సంబంధాన్నే తన జీవితవ్రతంగా స్వీకరించాడు.

ఆ ప్రాంతం కుతాని పింగాణీకి పుట్టినిల్లు. కుమారుడు పింగాణీ పనివాడు కావాలన్నది తండ్రి కోరిక. అందుకై ప్రాథమిక పాఠశాలలో చదివే రోజులలోనే బాలుని ఒక పింగాణీ కళాకారుని ఇంట ఉంచారు. ఆ కోరిక నెరవేరలేదు. నకయా విద్యార్థిగా ఉండగానే తండ్రి కన్నుమూశారు. అయితే ఆ చిన్ననాటి సహవాసం వృథా పోలేదు. ఆయన తొలి శాస్త్రవ్యాసం కుతాని పింగాణీని గురించినదే కావడం గమనింపదగిన విషయం.

కనజావా నగరంలోని ఉన్నత విద్యాలయంలో చదివే కాలంలో, సూర్యుడూ గ్రహాలూ ఒక మహావాయుమేఘం నుండి ఉద్భవించాయన్న కాంటు, లాప్లాసుల సిద్ధాంతం ఆయన మనస్సును ఆకర్షించింది. భౌతికశాస్త్రం వైపు ఆయన దృష్టి మళ్ళింది అప్పుడే. టోక్యో సామ్రాజ్య విశ్వవిద్యాలయంలో చేరి, 1925లో పట్టభద్రులైనారు.

గురువు తెరాదా

విశ్వవిద్యాలయంలో నకయాకు లభించిన గురువు తొరాహికో తెరాదా. ఈయన భౌతికశాస్త్రవేత్త మాత్రమే కాదు, జపాను వచనసాహిత్యంలో పేరెన్నికగన్న వ్యాసకర్త. సుప్రసిద్ధ నవలాకారుడు నత్సుమే సొసేకీకి ప్రియశిష్యుడు. ప్రయోగశాలలోని ఖరీదైన యంత్రాల కంటె వీధిలో, వంటింటిలో కనిపించే వింతలే ఆయన పరిశోధనకు విషయాలు. పంచదార ఉండ చుట్టూ చిన్న చిన్న కొమ్ములు మొలిచినట్లుండే మిఠాయి ఒకటి జపానులో ఉంది. ఆ కొమ్ములు ఎందుకు మొలుస్తాయి అన్న ప్రశ్నను సైతం తెరాదా గంభీరమైన శాస్త్రసమస్యగా భావించారు. ఎండిన మట్టిలోని బీటలు, విద్యుత్తు నిప్పురవ్వల ఆకారాలు మొదలైనవన్నీ ఆయనకు పాఠ్యగ్రంథాలే.

పట్టభద్రులైన పిమ్మట నకయా తెరాదాకు సహాయకుడై విద్యుత్ స్ఫులింగాల స్వరూపాన్ని పరిశోధించారు. 1928లో ఇంగ్లండుకు వెళ్ళి, లండనులోని కింగ్స్ కళాశాలలో నోబెల్ బహుమతి గ్రహీత ఓవెన్ రిచర్డ్‌సన్ వద్ద ఎక్స్ కిరణాలపై పనిచేశారు. గురువు వద్ద నేర్చినది చుట్టూ ఉన్నదానిని చూచే చూపు. విదేశంలో నేర్చినది నిశితమైన ప్రయోగవిధానం. ఈ రెంటికీ అక్కరకు వచ్చే రోజు త్వరలోనే వచ్చింది.

లేమి నుండి వెలసిన పరిశోధన

1930లో నకయా జపాను ఉత్తరాన ఉన్న హొక్కైదో ద్వీపంలో, సప్పొరో నగరపు విశ్వవిద్యాలయంలో ఉపాచార్యులుగా నియమితులైనారు. విజ్ఞానశాస్త్ర విభాగం ఆ సంవత్సరమే ప్రారంభమైంది. లండనులో వాడిన పరికరాల వంటివి అక్కడ లేవు. తాను శిక్షణ పొందిన రంగంలో పరిశోధన సాగించే అవకాశం కొరవడింది. 1932లో ఆచార్య పదవి లభించినా ఈ కొరత తీరలేదు.

ఇటువంటి సందర్భంలో సాధారణంగా మనుషులు రెండు పనులలో ఒకటి చేస్తారు. పరికరాలు వచ్చేవరకు చేతులు ముడుచుకొని కూర్చుంటారు, లేదా అవి ఉన్నచోటికి వెళ్ళిపోతారు. నకయా ఈ రెండూ చేయలేదు. హొక్కైదోలో ఏది సమృద్ధిగా ఉన్నదని ఆలోచించారు. కిటికీ తెరిస్తే సమాధానం కనిపించింది. నెలల తరబడి, ఉచితంగా, ఎవరి అనుమతీ అవసరం లేకుండా మంచు కురుస్తూనే ఉంది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మన భాషలో మంచు అన్న ఒక్క మాటతోనే గడ్డిపరకల మీది తుషారాన్ని, తెల్లవారుజామున కమ్ముకొనే పొగమంచును, హిమాలయ శిఖరాల మీది హిమాన్ని కూడా చెప్పుకుంటాము. నకయా పరిశోధించినది మేఘాల నుండి రేకులు రేకులుగా రాలే హిమం. అది గడ్డకట్టిన వానచినుకు కాదు. మేఘంలోని నీటి ఆవిరి నీరుగా మారకుండానే నేరుగా ఘనరూపం దాల్చగా ఏర్పడిన స్ఫటికం. కర్పూరం నిలువ ఉంచిన సీసా మూత లోపలి వైపు, కరగని కర్పూరం ఎలా వచ్చి పలుకులు కట్టిందో చూచినవారికి ఈ మార్పు సులభంగా బోధపడుతుంది.

హిమస్ఫటికాల సౌందర్యం అంతకు ముందు ఎవరూ చూడనిది కాదు. అవి ఎప్పుడూ ఆరు కోణాలతోనే ఎందుకు ఉంటాయన్న ప్రశ్నపై ఖగోళశాస్త్రవేత్త కెప్లర్ 1611లోనే ఒక చిన్న గ్రంథం రచించాడు. జపానులో దొయి తొషిత్సురా అనే సంస్థానాధీశుడు సూక్ష్మదర్శినిలో చూచిన ఆకృతులను గీసి 1832లో ప్రచురించాడు. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో విల్సన్ బెంట్లీ అనే రైతు 1885 నుండి నలభై ఆరు సంవత్సరాల పాటు హిమస్ఫటికాల ఛాయాచిత్రాలు తీసి, వాటిలో రెండు వేలకు పైగా ఎంచి, తాను మరణించిన 1931వ సంవత్సరంలోనే గ్రంథంగా వెలువరించాడు. ఆ గ్రంథమే నకయాను ఈ మార్గానికి మళ్ళించింది.

అయితే ఆ చిత్రాలను తిరగవేస్తున్నప్పుడు భౌతికశాస్త్రవేత్త అయిన నకయాకు ఒక లోపం కనబడింది. బెంట్లీ సౌందర్యోపాసకుడు. ఆరు రేకులూ చక్కగా అమరిన స్ఫటికాలనే ఎక్కువగా ఏరుకున్నాడు. ఏ వాతావరణంలో, ఎంత చలిలో అవి పెరిగాయన్న లెక్కకు ఆ చిత్రాలలో చోటు చాలలేదు. నిజంగా కురిసే మంచులో వికలమైనవి, సూదుల వంటివి, గుజ్జురూపాలు, ఒకదానికొకటి అతుక్కున్న ముద్దలు ఎన్నో ఉంటాయి. అందమైన వానిని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే ప్రకృతి నియమం దొరకదని నకయా గ్రహించారు. అందవికారాలు చూడకుండా అన్నింటినీ చిత్రించి, అన్నింటికీ లెక్క చెప్పాలని నిశ్చయించుకున్నారు.

తొకాచి పర్వతం మీద

మొదట విశ్వవిద్యాలయ భవనంలో వేడి సోకని నడవలోనే సూక్ష్మదర్శిని నెలకొల్పి పని ప్రారంభించారు. కాని నగరంలోని గాలిలో చలి తరచు చాలేది కాదు, పట్టిన స్ఫటికం చిత్రం తీసేలోగా రూపు చెడేది. అందుచేత శిష్యులను వెంటబెట్టుకొని, ద్వీప మధ్యంలోని తొకాచి పర్వతసానువున, అడవి నడుమ ఉన్న ఒక కొయ్యగుడిసెకు మకాం మార్చారు. సామగ్రినంతటినీ గుర్రాలు లాగే మంచుబండ్ల మీద చేరవేశారు.

అక్కడి పని ఊహించుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది. సూక్ష్మదర్శిని ఆరుబయట, గడ్డకట్టే చలిలోనే ఉండాలి. గాజు పలకను ముందుగానే చల్లబరచి, దానిమీద పడిన స్ఫటికాన్ని సన్నని పుల్లతో మెల్లగా కదిపి కటకం కిందికి చేర్చాలి. ఊపిరి తగిలితే చాలు, స్ఫటికం మాయమవుతుంది. చేతికి తొడుగు ఉంటే పని సాగదు, తీస్తే వేళ్ళు కొంకర్లు పోతాయి. ఈ విధంగా కొన్ని శీతకాలాలు గడిపి సుమారు మూడువేల ఛాయాచిత్రాలు సంపాదించారు. వాటి ఆధారంగా హిమస్ఫటికాలను ఏడు ప్రధాన జాతులుగా, 41 ఉపజాతులుగా వర్గీకరించారు.

వాటిలో ఒక జాతి ప్రత్యేకంగా పేర్కొనదగినది. ఒక చిన్న స్తంభానికి రెండు చివరలా రెండు పలకలు అతికినట్లుంటుంది. నడుము సన్నగిలిన తమ వాద్యమొకదానిని పోలి ఉన్నందున జపానువారు దీనికి ఆ వాద్యం పేరే పెట్టారు. మనమైతే ఢమరుకం అని పిలుచుకోవచ్చు, లేదా రెండు చక్రాలు తగిలించిన బండి ఇరుసు అనుకోవచ్చు. ఇది ఎలా పుట్టిందన్న ప్రశ్న నకయాను చాలాకాలం వెంటాడింది.

కుందేటి వెంట్రుక మీద హిమపుష్పం

వర్గీకరణ ముగిసినా నకయాకు తృప్తి కలుగలేదు. ఒక వస్తువును చూచి పేరు పెట్టినంత మాత్రాన అది అర్థమైనట్లు కాదని ఆయన విశ్వాసం. ఫలానా పరిస్థితిలో ఫలానా రూపం వస్తుందని చెప్పి, ఆ పరిస్థితిని కల్పించి, ఆ రూపాన్ని రప్పించినప్పుడే అర్థమైనట్లు. అంటే మంచును మనిషే తయారుచేయాలి.

ఆయన కొండమీద పడిన శ్రమ ఫలించింది. విశ్వవిద్యాలయం వారు ఆయన కోసం ఒక శీతల ప్రయోగశాలను నిర్మించగా 1935లో అది సిద్ధమైంది. అందులో ఉష్ణోగ్రతను సున్నకు దిగువ 50 డిగ్రీల వరకు దించవచ్చును. బయట వేసవి ఉన్నా లోపల ఉన్నిబట్టలు, చర్మపు కోట్లు తొడుగుకొని నకయా, ఆయన శిష్యులు పనిచేసేవారు.

పరికరం చూడడానికి నిరాడంబరమైనది. నిలువుగా నిలిపిన గాజుగొట్టం, అడుగున కొద్దిగా వెచ్చబరచిన నీరు. ఆ నీటి నుండి లేచిన ఆవిరి పైకి పోయి, చల్లని భాగంలో స్ఫటికంగా మారాలి. కాని గాలిలో తేలుతూ పెరిగే స్ఫటికాన్ని గొట్టంలో నిలబెట్టడం ఎలా? ఏదో ఒక దారం నుండి వేలాడదీయాలి. పట్టుదారం కట్టి చూచారు, నూలుదారం కట్టారు, సన్నని లోహపు తీగలు కట్టారు. ప్రతిసారీ దారం పొడవునా చీమల బారులాగా స్ఫటికాలు గుమికూడి మంచుపూత ఏర్పడిందే కాని, ఒంటరిగా ఒక్క స్ఫటికం నిలువలేదు. చివరకు కుందేలు వెంట్రుక ఆ చిక్కును విడదీసింది. దానిమీద అక్కడక్కడ అతి సూక్ష్మమైన కణుపులు ఉంటాయి. ఆ కణుపుల వద్ద మాత్రమే స్ఫటికం బీజం వేసుకుంది, మిగిలిన భాగం ఖాళీగా ఉండిపోయింది.

1936 మార్చి 12వ తేదీన ఆ గొట్టంలో, కుందేటి వెంట్రుక కొసన, ఆరు రేకుల హిమస్ఫటికం వికసించింది. అప్పటివరకు మేఘమండలానికే పరిమితమైన సృష్టి మనిషి చేతికి అందింది. కాని ఆ వార్త విని అందరికంటె ఎక్కువ ఆనందించవలసిన గురువు తెరాదా అప్పటికి లేరు. రెండున్నర నెలల ముందు, 1935 డిసెంబరు 31న ఆయన పరమపదించారు. పంచదార ఉండ మీది కొమ్ములు ఎందుకు మొలుస్తాయని అడిగిన గురువుకు, హిమస్ఫటికపు కొమ్మలు ఎందుకు మొలుస్తాయో శిష్యుడు సమాధానం చెప్పగలిగే వేళకు, వినే గురువు లేకపోయారు.

ఉష్ణోగ్రత శాసనం

నకయా పరికరంలో రెండు విషయాలను వేర్వేరుగా అదుపు చేయవచ్చును. ఒకటి స్ఫటికం పెరిగేచోటి గాలి ఉష్ణోగ్రత. రెండవది అడుగునున్న నీటి వెచ్చదనాన్ని బట్టి హెచ్చుతగ్గులయ్యే ఆవిరి పరిమాణం. ఒకదానిని స్థిరంగా ఉంచి మరొకదానిని మార్చుతూ వందలకొద్దీ ప్రయోగాలు చేశారు. ఫలితాలను ఒక పటంలో గుర్తించగా, చెల్లాచెదరుగా కనిపించిన మంచురూపాలన్నీ తమ తమ స్థానాలలో ఒదిగి కూర్చున్నాయి. నేటికీ శాస్త్రలోకం దానిని నకయా పటమనే వ్యవహరిస్తుంది.

ఆ పటం చెప్పే విషయం స్థూలంగా ఇది. సున్న నుండి దాని దిగువ సుమారు 4 డిగ్రీల వరకు పలచని ఆరుకోణాల పలకలు ఏర్పడతాయి. మరి కొంచెం చల్లబడి 5 డిగ్రీల ప్రాంతానికి రాగానే పలకలు మాయమై సన్నని సూదులు, బోలు స్తంభాలు పెరుగుతాయి. 10 డిగ్రీలు దాటగానే మళ్ళీ పలకల పాలన మొదలవుతుంది. సున్నకు దిగువ 15 డిగ్రీల వద్ద, ఆవిరి సమృద్ధిగా ఉంటే, చిత్రాలలో మనం చూచే కొమ్మలు రెమ్మల నక్షత్రం పుడుతుంది. 22 డిగ్రీలకు మించి చలి పెరిగితే మరల స్తంభాలు ప్రవేశిస్తాయి. కొద్ది డిగ్రీల వ్యత్యాసం స్ఫటికం రూపాన్నే మార్చివేస్తుంది.

దీనిలోని సూక్ష్మాన్ని కొంత వివరిస్తాను. హిమస్ఫటికం ఆరు పక్కలు గల ఒక చిన్న దిమ్మె. కింద ఒకటి, పైన ఒకటి అడ్డుముఖాలు, చుట్టూ ఆరు పక్కముఖాలు ఉంటాయి. నీటి అణువులు ఒకదానినొకటి పట్టుకొనే అమరికలోనే ఈ ఆరు అన్న సంఖ్య ఇమిడి ఉన్నది. పక్కముఖాలు వేగంగా పెరిగితే దిమ్మె వెడల్పై పలక అవుతుంది. అడ్డుముఖాలు వేగంగా పెరిగితే నిడుపై స్తంభమో సూదియో అవుతుంది. ఏ ముఖం వేగంగా పెరగాలో నిర్ణయించేది ఉష్ణోగ్రత. ఆవిరి పరిమాణం పెరుగుదల వేగాన్ని, కొమ్మల సంపదను నిర్ణయిస్తుంది. పలక మూలలు ఆవిరిలోనికి ముందుకు చొచ్చుకొని ఉంటాయి కనుక వాటికి ముందుగా ఆహారం అందుతుంది. ఆ మూలలే చేతులై చాచుకొని, వాటికి రెమ్మలు పుడతాయి. ఆవిరి తక్కువైనప్పుడు ఈ ఆడంబరమేమీ లేని సాదా పలకలు, దిమ్మెలు మాత్రమే తయారవుతాయి.

ఢమరుకపు ముడి కూడా దీనితో వీడిపోయింది. మొదట స్తంభాలు పెరిగే ఉష్ణోగ్రతలో ఉన్న స్ఫటికం, పలకలు పెరిగే ఉష్ణోగ్రత గల పొరలోనికి ప్రవేశిస్తే స్తంభం రెండు చివరలా పలకలు విచ్చుకుంటాయి. నకయా ప్రయోగశాలలో ఉష్ణోగ్రతను అదే క్రమంలో మార్చి ఢమరుకాన్ని తయారుచేసి చూపారు. ఆరు చేతులు ఒకే తీరున ఎందుకుంటాయో, ఏ రెండు స్ఫటికాలూ అచ్చంగా ఒకటిగా ఎందుకుండవో కూడా దీనినుండే తెలుస్తుంది. ఒక స్ఫటికపు ఆరు చేతులు ఒకే దారిలో కలిసి ప్రయాణిస్తాయి. రెండు స్ఫటికాల దారులు మాత్రం ఒకటి కావు.

దీని పర్యవసానం చాలా గొప్పది. స్ఫటికం ఏ ఉష్ణోగ్రతలో ఏ రూపం దాల్చుతుందో తెలిసినప్పుడు, నేలకు రాలిన స్ఫటికాన్ని చూచి, పైన మేఘంలోని చలి ఎంతో, తేమ ఎంతో చెప్పవచ్చును. అందుకే నకయా హిమాన్ని ఆకాశం మనకు పంపే ఉత్తరంగా భావించారు. మన తెలుగులో పలుకు అంటే గట్టిపడిన చిన్న ముక్క అనీ, మాట అనీ రెండర్థాలున్నాయి. మంచుపలుకులో దాగిన పలుకును విన్నవాడు నకయా అంటే అతిశయోక్తి కాదు.

పిదప శాస్త్రజ్ఞులు, ముఖ్యంగా ఆయన శిష్యుడే అయిన తెయిసాకు కొబయాషి, ఈ పటాన్ని మరింత నిర్దుష్టంగా తీర్చిదిద్దారు. అయితే చలి పెరిగేకొద్దీ పలకలూ స్తంభాలూ ఇలా వంతులవారీగా ఎందుకు వస్తాయన్న ప్రశ్నపై పరిశోధన ఇప్పటికీ సాగుతూనే ఉంది. నకయా అడిగిన ప్రశ్న ఆయన కంటె దీర్ఘాయువు.

వ్యాధి, సాహిత్యవ్యాసంగము

విజయం లభించిన 1936లోనే నకయా ఆరోగ్యం దెబ్బతిన్నది. కాలేయంలో చేరిన పరాన్నజీవుల వలన కలిగిన వ్యాధి ఆయనను సుమారు రెండేళ్ళు ప్రయోగశాలకు దూరం చేసింది. వెచ్చని సముద్రతీరమైన ఇటో పట్టణంలో విశ్రాంతి తీసుకోవలసి వచ్చింది. చలిలో పనిచేసే మనిషికి ఇది కఠినమైన శిక్ష. ఆయన ఆ విరామాన్ని కలానికి అంకితం చేశారు. గురువువలెనే తేటమాటలలో శాస్త్రవ్యాసాలు రచించారు. 1938లో ఆయన తొలి వ్యాససంపుటి, హిమం అనే పేరుతో సామాన్య పాఠకుల కోసం వ్రాసిన చిన్నపుస్తకం వెలువడ్డాయి. ఆ చిన్నపుస్తకం ఇప్పటికీ జపానులో చదువబడుతున్నది.

హిమం గ్రంథంలో ఆయన స్ఫటికాల సౌందర్యంతో ప్రారంభించలేదు. ముందుగా మంచుదేశపు ప్రజల కష్టాలను వివరించారు. ఇళ్ళకప్పులు కూలగొట్టే మంచు, రైళ్ళను ఆపివేసే మంచు, మనుషులను పొట్టనబెట్టుకొనే మంచు. ఆ కష్టాన్ని తొలగించాలన్నా ముందు మంచు స్వభావం తెలియాలి కదా అన్నది ఆయన వాదం. తన భాషలో, తన ఊరి జనానికి అర్థమయ్యేటట్లు చెప్పలేని విద్య అసంపూర్ణమని ఆయన ఆచరణ మనకు బోధిస్తుంది.

ప్రజోపయోగము, అంతిమదశ

1941లో జపాను విద్వత్పరిషత్తు నకయాను పురస్కారంతో గౌరవించింది. ఆ సంవత్సరమే ఆయన విశ్వవిద్యాలయంలో నిమ్నోష్ణ విజ్ఞాన పరిశోధనసంస్థ వెలసింది. ఆయన దృష్టి స్ఫటికాల నుండి ప్రజల అవసరాల వైపు విస్తరించింది. హొక్కైదోలో శీతకాలాన రైలుపట్టాల కింది నేల ఉబ్బి పట్టాలు పైకి లేచేవి. మట్టిలో పలచని మంచుపొరలు ఏర్పడి, కిందినుండి నీటిని పీల్చుకొని పెరగడమే దీనికి కారణమని ఆయన పరిశోధించి తెలిపారు. యుద్ధకాలంలో నిసెకో పర్వతశిఖరాన విమానాల రెక్కలపై మంచు పేరుకోవడాన్ని పరిశీలించారు. అది సైనిక అవసరాలకై జరిగిన పని. విజ్ఞానవేత్త కాలపు ఒత్తిడికి అతీతుడు కాడని ఈ ఘట్టం గుర్తుచేస్తుంది. యుద్ధం ముగిసిన తరువాత దైసెత్సు పర్వతాలపై నిలిచిన హిమం కరిగితే ఎంత నీరు లభిస్తుందో కొలిచే పని చేపట్టారు. విద్యుదుత్పత్తికీ వ్యవసాయానికీ ఆ లెక్క అవసరమైంది.

1952లో అమెరికాకు వెళ్ళి రెండేళ్ళపాటు అక్కడి హిమపరిశోధన సంస్థలో పనిచేశారు. 1954లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం ఆయన జీవితకాల పరిశోధనను హిమస్ఫటికాలు అన్న బృహద్గ్రంథంగా ప్రచురించింది. 1957 నుండి నాలుగు వేసవులు గ్రీన్‌లాండు మహాహిమపటలం మీద గడిపారు. ఉత్తరంలోని ఒక్కొక్క అక్షరాన్ని చదివిన మనిషి, చివరకు వేల సంవత్సరాల ఉత్తరాలు ఒకదానిమీద ఒకటి పేర్చిన చోటికి చేరుకున్నాడు. 1962 ఏప్రిల్ 11న, 61 సంవత్సరాల వయస్సులో టోక్యోలో ఆయన అస్తమించారు.

ఆయన స్వస్థలంలో 1994లో ఒక ప్రదర్శనశాల వెలసింది. దాని శిఖరాలు కూడా ఆరు కోణాలతోనే నిర్మింపబడినవి. ముంగిట పరచిన రాళ్ళు గ్రీన్‌లాండు నుండి తెచ్చినవి. వాటి నడుమ నుండి పొగమంచును లేపే కళాఖండాన్ని రూపొందించినది ఆయన కుమార్తె ఫుజికో నకయా. సప్పొరోలో తొలి కృత్రిమ హిమస్ఫటికం పుట్టినచోట ఆరు కోణాల స్మారకశిల నిలిచి ఉంది.

ముగింపు

విద్యార్థినీ విద్యార్థులారా! మన ప్రాంతంలో హిమం కురియదు. నకయా పరిశోధన మనకు నేరుగా పనికివస్తుందని చెప్పబోవడం లేదు. కాని ఆయన ఎదుర్కొన్న ప్రశ్న మనదే. చిన్న ఊళ్ళలో, పరిమితమైన వనరులతో నడిచే విద్యాసంస్థలలో చదివేవారికి లేనివాటి పట్టిక ఎప్పుడూ పెద్దదే. ఆ పట్టికను పక్కనబెట్టి ఉన్నదేమిటని అడిగినందువల్లనే నకయా నకయా అయినారు. అందమైన స్ఫటికంతో పాటు వికలమైన దానినీ లెక్కలోకి తీసుకున్నారు. పేరు తెలిసినంతమాత్రాన అర్థమైందని పొంగిపోలేదు. పట్టుదారం, నూలుదారం ఓడిపోయిన తరువాత కుందేలు వెంట్రుకను వెదికారు.

ఇంకొక మాట పెద్దల దృష్టికి కూడా తేవాలి. కొండమీద గుడిసెలో చేసిన కృషిని గుర్తించి ఒక విశ్వవిద్యాలయం సకాలంలో శీతల ప్రయోగశాల నిర్మించకపోతే 1936 మార్చి 12 వచ్చేది కాదు. శ్రమ మొదట వ్యక్తి చేయాలి. చేయూత తరువాత సంస్థ ఇవ్వాలి. ఈ రెండూ కలిసినప్పుడే ఫలితం.

మైలుతుత్తపు పాత్రను ఈసారి చల్లార్చేటప్పుడు, అడుగున రాలిన నీలిపొడిని వెంటనే పారబోయకండి. అది ఎంత వేడిలో, ఎంతసేపటిలో తయారైందో పుస్తకంలో వ్రాసుకొని, రెండవ పాత్రను మరొక విధంగా చల్లార్చి చూడండి. నకయా ప్రయాణం ప్రారంభమైనది సరిగ్గా అటువంటి చోటనే.